మాస్టారు నన్ను వదిలేశారు

జూలై 4

అక్కకి,

పొద్దున్నుంచి నీ ఫోన్‌కి కొట్టి కొట్టి నా వేలు అరిగిపోయింది. ఎప్పుడు చేసినా నువ్వు ఇంకెవరితోనో మాట్లాడుతున్నావు. లోకంలో అందరికీ దొరికావు, సొంత తమ్ముడికి తప్ప. అందుకే కాగితం తీసుకున్నాను. చేతిరాత చూసి నవ్వకు, ఆఫీసులో మీటలు నొక్కీ నొక్కీ కలం పట్టడం మరిచిపోయాను.

ముందు బావని నా తరఫున గట్టిగా కావలించుకో. సిగ్గుపడకు, నలుగురిలోనే కావలించుకో. గుహలో చిక్కుకున్న పిల్లలందరినీ ఒక్కొక్కరిగా బయటికి పంపి, తను ఆఖరున వచ్చాడంటే మాటలా? ఇన్నాళ్ళూ ఆయన మీద వేసిన జోకులన్నీ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పు. బ్యాండు డ్రెస్సులో పొట్ట గురించి వేసింది మాత్రం తీసుకోను, అది జోకు కాదు, నిజం.

ఇక్కడి సంగతి చెప్తే నమ్మవు. నిన్న మొదటి పిల్ల బయటికి వచ్చిందని తెలియగానే మా ఆఫీసులో జనం కుర్చీలెక్కి అరిచారు. మా ఇన్‌చార్జి, నవ్వితే మూతి వంకరపోతుందని భయపడే మనిషి, నన్ను పట్టుకుని భోరున ఏడ్చాడు. కిందికి దిగితే రోడ్డు మధ్యలో బస్సు ఆపేసి డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. పిల్లలూ పెళ్ళీ లేనివాళ్ళు కూడా "మన పిల్లలు బయటపడ్డారు" అని ముక్కూ మొహం తెలియనివాళ్ళని పట్టుకుని ఊపేస్తున్నారు. టీ కొట్టు దగ్గర నోరు ఊరుకోక "ఆ బ్యాండు మాస్టారు మా బావే" అన్నాను. అంతే. నన్ను భుజాలకెత్తారు. దింపడం మాత్రం ఎవరికీ చేతకాలేదు, మోచెయ్యి దోక్కుపోయింది.

అక్కడే ఒక కళ్ళజోడు ఆయన "అసలు పిల్లల్ని గుహలోకి తీసుకెళ్ళిందెవరు?" అన్నాడు. అడిగిన నేరానికి ఆయన్ని కొట్టారు చూడు, కళ్ళజోడు రెండు ముక్కలైంది, ముక్కులోంచి రక్తం చొక్కా దాకా కారింది. బాగా అయింది అనుకున్నాను. సందర్భం ఎరగని మనిషి.

అసలు విషయం ఇప్పుడు చెప్తున్నాను. నా పని నీకు తెలుసుగా, టీవీ తెర అడుగున పరిగెత్తే వాక్యాలు రాయడం. రోజూ ఎవడో పోయాడనో, ఏదో కూలిందనో రాసేవాణ్ణి. ఇవాళ మనింటి వార్త రాశాను. మీ వీధి చివర ఉండే చిట్టి ఆస్పత్రి మంచం మీద నుంచి మాట్లాడింది కదా, అందరికన్నా చిన్నది, డ్రమ్ము వాయించే పిల్ల. "మాస్టారు అందరికన్నా ముందు నన్ను వదిలేశారు" అంది. ఆ మాట వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. మరి మన బ్యాండులో అంతకన్నా పెద్ద మెప్పు ఉందా? కొత్తగా చేరినవాళ్ళ పక్కన బావ కూడా మెల్లగా వాయిస్తూ ఉంటాడు, తాళం తప్పకుండా. ఇక వీడు ఒంటరిగా నిలబడగలడు అని నమ్మకం కుదిరిన రోజున తన పుల్లలు పైకెత్తేసి, "నిన్ను వదిలేశా, పో" అంటాడు. ఆ రోజు ఇంటికి పరుగెత్తుకుంటూ వెళ్ళి చెప్పుకుంటారు పిల్లలు. నేను మీ ఇంట్లో ఉండి చదువుకున్నంత కాలం డ్రమ్ము బాదాను, బావ నన్ను ఒక్కసారి కూడా వదల్లేదు. దాన్నేమో చీకట్లో, నీళ్ళలో వదిలాడు. అంటే దాన్ని ఎంత నమ్మాడో చూడు.

అందుకే ఆ మాటని ఉన్నదున్నట్టు పెట్టాను. "చీకట్లో, నీళ్ళలో మాస్టారు నన్ను వదిలేశారు: చిన్నారి". సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. బావ చూసి మురిసిపోయి ఉంటాడు. ఎవరు పెట్టారో చెప్పు ఆయనకి.

సెలవు దొరకగానే వస్తాను. ఇంతే సంగతులు.

నీ తమ్ముడు, డ్రమ్ములు చింపడంలో దిట్ట


జూలై 5

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేసి చేసి విసిగిపోయి ఉంటావు. ఇక చెయ్యకు, దాన్ని నేనే బాల్చీ నీళ్ళలో పడేశాను. ఎందుకో చెప్తాను, ముందు కాస్త మంచినీళ్ళు తాగి కూర్చో.

మీ బావ క్షేమమే. ఒళ్ళంతా గీరుకుపోయింది, గొంతు లేదు, తిండి సయించడం లేదు, అంతే. పిల్లలు బయటపడ్డ రోజున మన ఇల్లు చూసి ఉండాల్సింది నువ్వు. మెడలో దండలు చాలక చేతులకి కూడా చుట్టారు. ఎదురింటాయన వచ్చాడు, డ్రమ్ము మోగితే నాకు గుండె దడ అని నాలుగు వీధులకీ చెప్పుకు తిరిగిన మహానుభావుడే. పక్కింటామె వచ్చింది. సెలూన్ వాడైతే మీ బావ కాళ్ళు పట్టుకున్నాడు. మైదానంలో వీళ్ళు వాయిస్తుంటే కత్తి జారి గిరాకీల చెవులు తెగుతున్నాయని బడికి వెళ్ళి గోల చేసింది వాడు కాదూ? ఈ ఇరుగుపొరుగంతా మైదానంలో వాయించనివ్వకపోబట్టేగా, ఈయన పిల్లల్ని వెంటేసుకుని ఆ పాత రాళ్ళ క్వారీ వెనక గుహకి పోయింది. "గోడలు వింటాయే, ఫిర్యాదు చెయ్యవు" అన్నారు నాతో. ఎక్కడో కొండ పైన కురిసిన వాన ఆ దారినే వస్తుందని ఎవరనుకున్నారు.

అందరూ ప్రాణాలతోనే బయటికొచ్చారు గానీ పొడుగాడికి ఇంకా తెలివి రాలేదు. వాడే, బాకా ఊదేవాడు, కలప అడితి ఉన్నాయన ఒక్కగానొక్క కొడుకు. ఈయన చేతుల్లోనే ఉండి కూడా బోలెడు నీళ్ళు తాగేశాడు. వాళ్ళ నాన్న ఆస్పత్రి వరండాలో నేల మీదే కూర్చుని ఉన్నాడు, ఎవరేం పెట్టినా ముట్టడు. పక్కన కూర్చుందామని వెళ్తే జరిగి కూర్చున్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. నిన్న సాయంత్రం ఎవడో తలకుమాసినవాడు టీవీలో ఒక ముక్క పెట్టాడు. చిట్టి అన్నదట, మాస్టారు నన్ను వదిలేశారని. పక్కన ఆ పిల్ల ఏడుస్తున్న బొమ్మ. అది సూదిమందు వేసినప్పుడు ఏడ్చిన ఏడుపు, నేను పక్కనే ఉన్నాను. అది అన్నదేమిటో, ఎందుకన్నదో మన ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. ఊరికి తెలియదు. చిన్నపిల్లని చీకట్లో నీళ్ళలో తోసేసి వెళ్ళిపోయాడు అని అర్థం తీశారు. మొదట ఒక ఆడమనిషి ఫోన్ చేసింది. ఎంత మెత్తటి గొంతో. "మాస్టారి ఇల్లేనా అమ్మా" అని మర్యాదగా అడిగి, "ఆయన నీళ్ళలో నాని చావాలి, నువ్వు కళ్ళారా చూడాలి" అంది. ఆ తర్వాత వరసగా అవే దీవెనలు. అప్పుడు పడింది ఫోన్ బాల్చీలో.

ఇవాళ మేం భోజనానికి కూర్చుంటే కిటికీ అద్దం పగిలి రాయి కంచంలో పడింది. బయటికి వెళ్ళి చూస్తే సెలూన్ వాడు. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. మొన్న కాళ్ళు పట్టుకున్న చేతులేరా అవి. నన్ను చూసి పారిపోలేదు కూడా, ఇంకో రాయి కోసం వంగాడు. మీ బావ గాజుముక్కలు ఏరుతూ "పోనీలేవే, రెండు రోజులు అరిచి ఊరుకుంటారు" అంటున్నారు. ఈయనకి లోకమంతా బడి పిల్లల్లాగే కనబడుతుంది.

ఆ ముక్క రాసినవాడు ఎవడో, ఏ తల్లి కన్నదో, వాడి చేతులు పడిపోను. నువ్వు అలాంటి చోటే పని చేస్తున్నావుగా, ఎవడో కనుక్కో. కనుక్కుని నా బదులు చెంప మీద ఒక్కటి పీకు.

నీ అక్క


జూలై 8

అక్కా,

ఆ చేతులు నావే.

నీ ఉత్తరం ఇవాళే అందింది. నాది నీకు ఈపాటికి చేరి ఉంటుంది, చదివి ఉంటావు. నేను దాన్ని మెప్పు అనుకుని పెట్టానక్కా. ఒట్టు. ఆ మాట వినగానే నాకు మన బ్యాండు తప్ప లోకం గుర్తు రాలేదు. ఆ లోకానికి మన భాష రాదని తట్టలేదు. ఏడుస్తున్న బొమ్మ నేను పెట్టింది కాదు, బొమ్మలు వేరేవాళ్ళు పెడతారు. అలా అని తప్పించుకోవడానికి చెప్పడం లేదు, జరిగింది చెప్తున్నాను.

ఇక్కడ కూడా గాలి తిరిగింది. బస్టాండు ముందు గడ్డితో బావ బొమ్మ చేసి, మెడలో రేకు డ్రమ్ము వేలాడదీసి తగలబెట్టారు. టీ కొట్టు ఆయన ఆ రోజు నన్ను ఎత్తుకున్నవాడే. "ఆ పంతుల్ని నడిబజారులో ఉరి తియ్యాలి" అన్నాడు గ్లాసు కడుగుతూ. మరిచిపోయాడు, నేను ఆయన బావమరిదినని. నేను గుర్తు చేశాను. చేతిలో ఉన్న వేడి టీ వాడి మొహాన కొట్టాను. తర్వాత అందరూ కలిసి నన్ను బెంచీ కిందకి తొక్కారు. ముందు పన్ను ఒకటి ఊడింది, పెదవికి కుట్లు పడ్డాయి. నువ్వు చెప్పిన చెంపదెబ్బ వడ్డీతో సహా అందిందనుకో.

ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళి ఆ మాటకి అర్థం ఇది కాదండీ, సరిదిద్దుదాం అన్నాను. "పిల్ల అన్నదా లేదా?" అన్నాడు. అన్నది. "మరి నువ్వెవడివి మార్చడానికి? జనానికి కోపంగా ఉంది, ఉండనీ" అన్నాడు. అడుసు తొక్కిందీ నేనే, కాలు కడగాల్సిందీ నేనే. ఎలాగైనా సరిచేస్తాను. అంతవరకూ నువ్వూ బావా ఇంటికి తాళం వేసి ఇక్కడికి వచ్చెయ్యండి. బావకి నా మొహం చూపించలేను గానీ, ఇల్లు మాత్రం ఇస్తాను.

నీ తమ్ముడు


జూలై 9

ఏరా,

నీ సంబరాల ఉత్తరం అందింది. ఎప్పుడు అందిందో తెలుసా? నేల మీద రక్తం ఇంకా కడగలేదు. పోస్ట్‌మాన్ గుమ్మంలో ఆగి, లోపలికి రాలేక, చెయ్యి చాచి ఇచ్చి వెళ్ళిపోయాడు.

నిన్న పొద్దున నేను కుట్టు మిషన్ దగ్గర కూర్చుని ఉన్నాను. అడితి ఆయన వచ్చాడు. వెంట అతని కూలీలు, సెలూన్ వాడు, ఇంకా నేను పేరు పెట్టి పిలిచే జనమే. ఒకడు కూడా పరాయివాడు లేడు. చేతుల్లో అడితిలో చీల్చిన దుంగలు. ముందు డ్రమ్ముల మీద పడ్డారు. నా బల్ల మీది గుడ్డ కత్తెరతోనే ఒక్కోదాని తోలూ చీల్చారు. మీ బావ అడ్డం వెళ్ళలేదు. "డ్రమ్ములేగా, చీల్చనీ" అన్నారు. తర్వాత ఆయన్ని లాగి నా మిషన్ బల్ల మీద చేతులు పెట్టించారు. సెలూన్ వాడు జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచాడు. తలలు వంచడం వాడికి అలవాటైన పనేగా.

"ఈ చేతులతోనేగా వదిలేసింది" అన్నాడు అడితి ఆయన. అప్పుడు మీ బావ ఏమన్నారో తెలుసా? "చిట్టిని వదిలానయ్యా, నిజమే. నీ కొడుకుని మాత్రం వదల్లేదు." ఉన్న మాటే అన్నారు. వాడు భయపడుతున్నాడు, ఒంటరిగా ఈదలేడు అని ఆయన వాణ్ణి తన నడుముకి కట్టుకుని తెచ్చారు. సందులో ఇరుక్కుని ఇద్దరూ మునిగారు. ఈయన ఊపిరి బిగబట్టారు, వాడివల్ల కాలేదు. ఈ మనిషికేమో ఆ మాట ఎగతాళిలా వినబడింది. నా కొడుకు అక్కడ శవంలా పడి ఉంటే వదల్లేదంటావా అని దుంగ ఎత్తాడు.

చప్పుడు నేను విన్నాను. ఎండుకట్టె విరిచిన చప్పుడే. మీ బావ అరవలేదు, నేను అరిచాను. నన్ను ఇద్దరు గోడకి అదిమి పట్టుకున్నారు. ఒకడి మణికట్టు కొరికేశాను, కండ ఊడొచ్చింది, ఆ రుచి ఇంకా నోట్లోనే ఉంది. అంతలో అడితి ఆయన గొంతు, ఎంతో నిదానంగా, "రెండోది కూడా" అంది. రెండోది కూడా విరిచారు. ఎదురింటాయన కిటికీ మూసుకున్నాడు. గుండె దడ కదా పాపం.

పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళారు. వేళ్ళు మళ్ళీ వంగుతాయో లేదో చెప్పలేమని డాక్టరమ్మ అంది. నీ ఉత్తరం ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని చదివాను. పెట్టింది నువ్వేనని తెలిసింది. నా తిట్టు దారి తప్పి నా మొగుడి మీదే పడింది. ఆయన ఏం చేశారనుకున్నావు? నవ్వారురా. పక్కటెముకలు కదిలి నొప్పి పుట్టేదాకా నవ్వారు. "వాడికి ఇప్పటికైనా తాళం తెలిసింది, మాటకి అర్థం వాడొక్కడికే తెలిసింది" అన్నారు. నాకు నవ్వు రాలేదు. నువ్వు నా ఎదురుగా ఉండి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. నువ్వు పసివాడివిగా ఉన్నప్పుడు నిన్ను చంకన వేసుకు తిరిగినదాన్ని నేను.

ఇప్పుడు విను. పెట్టినవాడివి నువ్వే కాబట్టి తీసేవాడివీ నువ్వే. చిట్టి అన్న మాటకి అర్థమేమిటో ఊరూవాడా తెలిసేలా పెట్టు. అంతటితో ఆగకు. ఈయన చేతులు విరగ్గొట్టింది ఎవడో అది కూడా పెట్టు. వాడి అడితి, వాడి మొహం అందరికీ చూపించు. మీ బావ వద్దంటున్నారు. "వాడి కొడుక్కి ఇంకా తెలివి రాలేదే, ఆ తండ్రిని ఏమీ అనకండి" అంటున్నారు. ఆయన మాట వినకు, నా మాట విను. వాడు కూడా బయటికి రావడానికి భయపడాలి. వాడి గుమ్మంలో కూడా రాళ్ళు పడాలి.

అక్క


జూలై 13

అక్కా,

చేసేశాను. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది.

నీ ఉత్తరం చదివాక ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. బావ చేతులక్కా. నా చెయ్యి పట్టుకుని పుల్ల ఎలా పట్టాలో నేర్పిన చేతులు. ఏడవడానికి కూడా సిగ్గేసింది. లేచి, చిట్టి మాట్లాడింది మొత్తం వెతికి తీశాను. ఎంత బాగా చెప్పిందో తెలుసా అది. "మాస్టారు అందరికన్నా ముందు నన్ను వదిలేశారు, ఎందుకంటే నాకు వచ్చని ఆయనకి తెలుసు" అని తల ఎగరేసింది. ఆ రెండో ముక్క ఎవరో కోసేశారు. ఇన్‌చార్జికి చూపించాను. ఈసారి కాదంటే అక్కడే వాడి గొంతు పిసికేద్దామని నిశ్చయించుకునే వెళ్ళాను. వాడు రెండుసార్లు చూసి, "పాత కోపం చప్పబడిపోయింది, ఇది బాగుంటుంది" అన్నాడు. అంతే, నా పని తేలికైపోయింది.

పిల్ల మాట పూర్తిగా వేశాం. కింద నేను రాశాను: "పిల్లని నమ్మి ముందు వదిలిన మాస్టారు. ఆయన చేతులు విరగ్గొట్టిన అడితి యజమాని". నువ్వు చెప్పినట్టే మొహం కూడా చూపించాం, అడితి బోర్డుతో సహా. వాడి కొడుకు తెలివి లేకుండా ఉన్నాడన్న సంగతి పట్టలేదు, ఆ వరసలో అన్ని మాటలకి చోటుండదు.

ఇక చూడు జనాన్ని. ఆ బస్టాండు ముందే ఇప్పుడు అడితి వాడి గడ్డిబొమ్మ కాలుతోంది. బావ బొమ్మ చేసిన మనిషే చేశాడట, చెయ్యి తిరిగినవాడు. టీ కొట్టు ఆయన నా గడ్డం పట్టుకుని ఏడ్చాడు. నా పన్ను రాలగొట్టినవాడు వచ్చి క్షమించమని, తన ప్రాయశ్చిత్తంగా, ఇంకా బావని తిడుతున్న ఒకణ్ణి నా ఎదురుగానే చితకబాదాడు. కొట్టింది చాలా అని నన్ను అడిగాడు. చాలన్నాను గానీ, కాస్త ఆలస్యంగా అన్నాను. మీ ఊరికి లారీల్లో బయల్దేరుతున్నారట జనం, బావని చూడటానికి.

పోయిన పరువు తిరిగొచ్చింది. అడితి వాడు ఇక తల ఎత్తుకు తిరగలేడు. ఇప్పుడైనా కాస్త కంటినిండా నిద్రపో. బావ నన్ను క్షమించాడని ఒక్క ముక్క రాయించు, ఆయన చెప్తే నువ్వు రాయి.

నీ తమ్ముడు


జూలై 17

తమ్ముడూ,

నీ ఉత్తరానికంటే ముందే నీ లారీలు వచ్చాయి.

మొన్న మధ్యాహ్నం వీధంతా "మాస్టారికి జై" అని ఒకటే అరుపులు. దండలు పట్టుకున్నవాళ్ళు కొందరు, దుంగలు పట్టుకున్నవాళ్ళు కొందరు, రెండూ పట్టుకున్నవాళ్ళు కొందరు. అప్పటికే అడితి తగలబెట్టేశారు. పొగకి మా ఇంట్లో కళ్ళు మండుతున్నాయి. అడితి ఆయన అక్కడ లేడు, కొడుకు పక్కనే ఉన్నాడు కదా. వరండాలోంచి కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొచ్చారు. ఎలాగో పట్టు విడిపించుకుని పరిగెత్తాడు. వీధిలో ప్రతి తలుపూ కొట్టుకుంటూ వచ్చాడు, నాకు వినబడుతూనే ఉంది ఒక్కొక్క తలుపూ. ఎవరూ తియ్యలేదు. చివరికి మాది కొట్టాడు. "అమ్మా, తలుపు తియ్యమ్మా" అన్నాడు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. "రెండోది కూడా" అన్న గొంతే.

నేను తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. గడియ మీద చెయ్యి ఉంది, తియ్యలేదు. బయట వాడిని కొడుతుంటే దెబ్బ దెబ్బకీ చెక్క నా వీపుకి తగులుతోంది. నీ దగ్గర దాచేదేముంది, నాకు హాయిగా అనిపించింది. ఇంకొకటి, ఇంకొకటి అనుకున్నాను.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి పడుకున్న మీ బావ మంచం మీంచి లేచొచ్చి "తియ్యి" అన్నారు. తియ్యనన్నాను. ఆయనకి రెండు చేతులకీ కట్లు కదా, గడియని మోచేత్తో గుద్దడం మొదలుపెట్టారు. కట్టు పగిలి రక్తం కారుతోంది, గడియ కదలదు. నుదురుతో గుద్దారు. నేను అడ్డంగానే నిలబడ్డాను. అప్పుడు బయటి నుంచి సెలూన్ వాడు, ప్రేమ ఒలకబోస్తూ, "అక్కా, నువ్వు తలుపు తియ్యకు, వీడి సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు.

వాడి మాట వినే ఖర్మ నాకేం పట్టిందిరా. గడియ తీశాను.

మనిషి నడుం దాకా లోపల పడ్డాడు. కాళ్ళు గుమ్మం బయట ఉండిపోయాయి, వాటినే కొడుతున్నారు. మోకాలు నలిగిన చప్పుడు కూడా విన్నాను. చప్పుళ్ళు గుర్తుపట్టడం వచ్చేసింది నాకు. అడ్డం వెళ్తే "మీ కోసమేగా అక్కా" అంటారు, కొడుతూనే. సెలూన్ వాడి చెంప పగలగొట్టాను. వాడు కొట్టలేదు, దండం పెట్టాడు. వాడి వెనకవాడెవడో విసిరిన రాయి నా కనుబొమ్మ చీల్చింది. మీ బావ నేల మీద కూర్చుని, అడితి ఆయన చంకల కింద మోచేతులు దూర్చి, వెనక్కి జరుగుతూ లోపలికి లాగారు. నేను తలుపు మూశాను. మూశాక కూడా చాలాసేపు జై కొడుతూనే ఉన్నారు, దండలు కిటికీలోంచి లోపలికి విసిరారు. ఆయన వాటి మధ్యే పడి ఉన్నాడు. మాట్లాడే ఓపిక వచ్చాక ఒక్కటే అన్నాడు, "వదలడమంటే అదని మావాడు నాకు ఎప్పుడూ చెప్పలేదమ్మా". వాణ్ణి బ్యాండులో ఇంకా వదల్లేదుగా, ఇంటికొచ్చి అలా చెప్పుకునే రోజు వాడికి రాలేదు.

ఇప్పుడు ముగ్గురూ ఒకే వార్డులో ఉన్నారు. ముగ్గురికీ నేనే తినిపిస్తున్నాను. అడితి ఆయనకి ఒక కన్ను పోయినట్టే. ఆ కాలు ఇక వంగదు. నేను తలుపు తియ్యకుండా నిలబడిన కాసేపట్లోనే పోయింది ఆ కన్ను, ఆయనే చెప్పాడు. ఎప్పుడని నేను అడిగాను, అందుకని చెప్పాడు. వాడి మొహం చూపించమని నీకు రాసిందీ నేనే. నీ పాపంలో సగం నాది, ఒక్కడివే మొయ్యకు.

నిన్న పొడుగాడు కళ్ళు తెరిచాడు. తెరిచి "నాన్న ఏడీ" అన్నాడు. పక్క మంచం చూపించాను. వాడు ఆ మొహం చూసి కెవ్వున కేకపెట్టి నా చీర పట్టుకున్నాడు. ఆయన పేరు పెట్టి పిలిచినా నమ్మలేదు. "మా నాన్న అలా ఉండడు" అంటాడు. పొద్దుటి దాకా గోడవైపు తిరిగే పడుకున్నాడు. ఆయన అటు చూసి చూసి, చివరికి నన్ను పిలిచి, ఆ దుప్పటి నా మొహం మీద కప్పమ్మా అన్నాడు. కప్పాను. దుప్పటి కింద నుంచి మాట్లాడుతుంటే వాడు ఇటు తిరిగాడు.

మీ బావకి నీ మీద కోపం లేదు, ఆ సంగతి రాయమన్నారు, రాశాను. ఆస్పత్రి గేటు దగ్గర జనం మళ్ళీ పోగయ్యారు, పొడుగాడికి తెలివొచ్చిందని ఏడుస్తున్నారు, ఒకళ్ళనొకళ్ళు కావలించుకుంటున్నారు. మీ తమ్ముడు టీవీలో ఉన్నాడటగా, ఈ సంగతి వెయ్యమనమ్మా అని ఒకాయన నాకు చేతులు జోడించాడు. నువ్వు కూడా ఆ కుర్చీలో కూర్చుని మా కోసం ఇంకేం చేద్దామా అని ఆలోచిస్తూ ఉంటావు, నిన్ను పెంచినదాన్ని, నాకు తెలియదా. వద్దురా. మా గురించి చెడు ఎలాగూ రాయవు. మంచి కూడా రాయకు.

అక్క